నాన్నగారి సీసాలు

నాన్నగారి సంవత్సరీకానికి భీమిలి వెళ్లాను. తంతు ముగిసి, భోజనాలయ్యి, చుట్టాలంతా బస్సు వేళయిందంటూ ఒక్కొక్కరే లేచాక అమ్మ తాళంచెవుల గుత్తి తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఆ అలమర సంగతేదో ఈసారి తేల్చు. నేను దాని జోలికి పోను. ఏది ముట్టుకుంటే ఏది దొర్లిపడుతుందో!"

అమ్మకు ఆ అలమర మీద ముప్పై ఏళ్ల కోపం. ఇంట్లో ఉన్న ఒక్క టేకు అలమరలో పట్టుచీరలు ఉండాల్సిన చోట పాత సీసాలు కాపురం పెట్టాయి మరి. అయితే తలుపు మీద ఎక్కడా దుమ్ము లేదు. ఏడాదిగా రోజూ తుడుస్తూనే ఉందన్నమాట. ఆ మాట పైకి అనలేదు.

తలుపు తీయగానే ముందు చెక్క వాసన, ఆ తర్వాత ఎండుగడ్డి వాసన వచ్చాయి. చేతికందిన చిన్న సీసా ఒకటి తీసి, బిగుసుకుపోయిన బిరడాను అటూ ఇటూ తిప్పి లాగాను. సోంపు, పుదీనా, వెనకాల సన్నగా అల్లం ఘాటు. లోపల మందు చుక్కయినా లేదు. వాసన మాత్రం అలాగే కాచుకుని ఉంది. అలమర ముందు నేలమీద కూలబడిపోయాను.

* * *

నాన్నగారు సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ ఉద్యోగం పేరు తర్వాత ఫార్మసిస్టుగా మారింది కానీ ఊరికి ఆయన ఎప్పుడూ కాంపౌండరు బాబే. అప్పట్లో ఆసుపత్రికి వెళ్లేవారు ఇంటి నుంచి సీసా తెచ్చుకోవాలి. డాక్టరుగారు చీటీ రాస్తే, కిటికీ దగ్గర నాన్నగారు ఆ చీటీ చూసి, పెద్ద జాడీల్లోంచి కొలిచి మిక్స్చరు పోసేవారు. కడుపునొప్పికి సోంపు వాసన వేసేది, దగ్గుకు నల్లగా జిగురుగా ఉండేది, జ్వరానికి ఇంకొకటి. సీసా పక్కన కాగితం పట్టీ ఒకటి అంటించేవారు. దానికి అంచున మెట్లుమెట్లుగా కత్తిరింపులుండేవి. ఒక మెట్టు ఒక మోతాదు. ఆ పట్టీలు కత్తిరించడం సెలవు రోజుల్లో మా పని. కాగితాన్ని మడిచి, కత్తెరతో అంచు కొరికి, విప్పితే వరసగా పళ్లు వచ్చేవి. మైదాపిండి జిగురు అమ్మ కాచి ఇచ్చేది. తమ్ముడు అంటించేదాని కంటే నాకేదే ఎక్కువ.

సీసా కిటికీలోకి రాగానే నాన్నగారు మొదట చేసే పని దాని మూతి దగ్గర ముక్కు పెట్టడం. కిరసనాయిలు వాసన వస్తే మందు పోసేవారు కాదు. ఎన్నిసార్లు కడిగామని చెప్పినా వినేవారు కాదు. "మందు నేను ఇస్తాను, ఆ సీసాలో మాత్రం ఇవ్వను" అనేవారు. అక్కడి నుంచే మా ఇంటి కథ మొదలవుతుంది. వట్టి చేతులతో తిరిగి వెళ్లలేక వరండాలో నిలబడిపోయినవారికి ఆయన సంచిలోంచి ఒక సీసా వచ్చేది. సంచిలోకి సీసా సముద్రం నుంచి వచ్చేది.

* * *

తెల్లవారుజామున లైటుహౌసు దగ్గర మొదలుపెట్టి గోస్తని సముద్రంలో కలిసే మొగ వరకు నడిచేవారు. మొగ దగ్గర నది తన దారి ఏటేటా మార్చుకుంటుంది. ఇసుకను కోసినప్పుడల్లా అడుగున ఉన్నవి పైకి వస్తాయి. భీమిలి ఒకప్పుడు రేవు. ఓడలు ఒడ్డుకు రాకుండా దూరాన లంగరు వేసేవి, పడవల మీద సరుకు దించేవారు. డచ్చివారు 17వ శతాబ్దంలో వచ్చి స్థావరం పెట్టుకుని, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి వదిలి వెళ్లారు. వాళ్లు తాగి పారేసినవీ, వీళ్లు తాగి పారేసినవీ ఆ ఇసుకలో కలగలిసి ఉంటాయని నాన్నగారి నమ్మకం.

"మన మునిసిపాలిటీ 1861 నాటిది. అప్పటి నుంచి ఊరు చెత్త పారేస్తోంది. దాన్ని ఏరడానికి ఒక్కడైనా ఉండొద్దా?" అనేవారు.

ఏరడమే తప్ప తవ్వడం లేదు. ఆ విషయంలో గట్టి మనిషి. డచ్చివారి సమాధులు మా ఆటస్థలం. గోపురాల్లా, మొనదేలిన స్తంభాల్లా ఉండే ఆ కట్టడాల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఒకసారి తమ్ముడు ఒక సమాధి పక్కన మట్టిలో గాజు మెరుస్తోందని పుల్లతో గోకడం మొదలుపెట్టాడు. నాన్నగారు వాడి చేతిలో పుల్ల లాక్కుని విరిచేశారు. "సముద్రం పడేస్తే ఏరుకో. పడుకున్నవాళ్ల పక్కలో వెతక్కు" అన్నారు. వాడిని కసిరిన రోజులు చాలా తక్కువ కాబట్టి నాకు బాగా గుర్తు.

* * *

సముద్రంలోంచి వచ్చిన సీసాను వెంటనే తుడిచి అలమరలో పెట్టకూడదు. ఉప్పు గాజు పొరల్లోకి దిగి ఉంటుంది. ఒక్కసారిగా ఆరితే పైపొర పొలుసులుగా రాలిపోతుంది. అందుకని మంచినీళ్లలో వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండాలి. చదువుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి బిందెలు మోసుకొచ్చే ఇల్లాలికి చెప్పి చూడండి.

"పిల్లలకు స్నానానికి చెంబెడు నీళ్లు కొలిచి పోస్తున్నాను. మీ దొరలు ఎప్పుడో తాగి పారేసిన సీసాకు మాత్రం తొట్టెడు నీళ్లా!" అని అమ్మ.

నాన్నగారు సమాధానం చెప్పేవారు కాదు. మర్నాడు ఆయన కూడా ఒక బిందె మోసేవారు. ఆ తొట్టి నీళ్లే తర్వాత పెరట్లో అరటిచెట్లకు వెళ్లేవి కనుక గొడవ అక్కడితో ఆగేది.

నానిన తర్వాత కడగడం. లోపల పేరుకున్న మట్టికి చింతపండు పులుసు, గుప్పెడు ముతక ఇసుక. మూతి మూసి గలగలమని ఊపడం. ఆ చప్పుడు వింటే ఇవాళ్టికీ నాకు ఆదివారం మధ్యాహ్నం అనిపిస్తుంది. సీసా శుభ్రపడ్డాక పాఠం మొదలు. కళ్లు మూసుకోమనేవారు. బొటనవేలిని సీసా భుజం దగ్గర పెట్టి, అచ్చు అతుకు గీత వెంట పైకి జరపమనేవారు.

"ఎక్కడ ఆగింది?"

"మెడ మీద, మూతికి కొంచెం కింద."

"అయితే మూతి మనిషి చేసింది. గీత మూతి మీదుగా కూడా వెళితే యంత్రం చేసింది."

1903లో అమెరికాలో ఓవెన్స్ అనే ఆయన సీసాలు తయారుచేసే యంత్రం తెచ్చాక చేతిపని వెనకబడిందని చెప్పేవారు. ఇంకా పాతవాటికి అడుగున ఒక గరుకు మచ్చ ఉంటుంది. వేడి సీసాను అడుగున కడ్డీకి అతికించి పట్టుకుని, మూతి పని పూర్తయ్యాక విరిచేసిన చోటు అది. నాన్నగారు దాన్ని బొడ్డు అనేవారు. "దీనికి బొడ్డుందే!" అని ఆయన గొంతు పెంచారంటే ఆ రోజు ఇంట్లో పండగ. పక్కింటివారు ఎవరో ప్రసవించారనుకుని నాయనమ్మ ఒకసారి గబగబా బయటికి వచ్చింది కూడా.

తెల్లగాజు సీసా ఒకటి దాబా మీద పిట్టగోడ వారన ఏళ్ల తరబడి ఎండలో ఉండేది. ఎవరూ కదపకూడదు. గాజుకు ఆకుపచ్చ జీర పోవడానికి పూర్వం మాంగనీసు కలిపేవారు. అలాంటి గాజు ఎండకు మెల్లగా వంగపువ్వు రంగుకు తిరుగుతుంది. విజయనగరం వైపు మాంగనీసు తవ్వకాలు 1890ల నుంచి ఉన్నాయి. "ఎవరికి తెలుసు, మన రాయే ఓడెక్కి వెళ్లి, గాజులో కలిసి, సీసా అయ్యి మళ్లీ మన ఒడ్డుకే వచ్చిందేమో" అని ఎండలో నిలబడి మురిసిపోయేవారు. రుజువేమీ లేదు. నేను స్కూలు వదిలి కాలేజీకి వెళ్లే నాటికి సీసా అడుగున నిజంగానే లేత ఊదా రంగు కనిపించింది.

* * *

అమ్మ మాత్రం ఆ సీసాలను వేరే లెక్కలో చూసేది. ఇంట్లోకి వచ్చింది ఏదైనా పని చేయాలి. గోళీ సోడా పుట్టకముందు సోడా సీసాలకు అడుగు గుండ్రంగా, కోడిగుడ్డులా ఉండేది. నిలబెట్టడానికి వీలుండదు. పడుకోబెడితేనే బిరడా తడిగా ఉండి, గ్యాసు పోకుండా ఉంటుందని అలా చేశారు. అలాంటి పొడవాటిది ఒకటి నాన్నగారికి దొరికింది. ఆ వారమే మా అప్పడాల కర్ర విరిగింది. మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పీట మీద పిండి, దాని మీద ఆ సీసా. నాన్నగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"దేనికీ పనికిరాదన్నారుగా ఎవరో. చూడండి, చపాతీలు ఎంత గుండ్రంగా వచ్చాయో" అంది అమ్మ.

చపాతీలు నిజంగానే బాగా వచ్చాయి. కొత్త కర్ర కొన్న తర్వాత కూడా ఆ సీసా వంటింట్లోనే ఉండిపోయింది.

లండన్ ఆర్నాల్డ్ కంపెనీ ముద్ర ఉన్న సిరా జాడీలో అమ్మ పోపు గరిటెలు పెట్టేది. రాయిలా బరువుగా, చింతగింజ రంగులో ఉండేది. గాజు సిరాబుడ్లకేమో రేకు మూతకు కన్నం పెట్టి, గుడ్డ వత్తి దూర్చి బుడ్డి దీపాలు చేసేది. ముట్టుకోనివి ముదురు నీలం సీసాలొక్కటే. వాటి ఒంటి మీద నిలువు గాళ్లుంటాయి. చీకట్లో తడుముకున్నా ఇది విషం సీసా అని వేళ్లకు తెలియాలని అలా చేసేవారట. అన్నింటికంటే అందమైనవి అవే. నాన్నగారు ఎవరికీ ఇవ్వనివి కూడా అవే. ఖాళీవే అయినా పై అరలో, తాళంలో ఉండేవి.

పాత సీసాలు కొనే మనిషి కేక మా వీధిలోకి వచ్చిందంటే నాన్నగారి గుండెల్లో రాయి పడేది. సైకిలుకు గోనె సంచులు, హ్యాండిలుకు పీచు మిఠాయి గంట. సీసాకు సీసా లెక్కన మిఠాయి ఇచ్చేవాడు. మా తమ్ముడు ఒకసారి రెండు సీసాలకు రెండు గులాబీరంగు మేఘాలు తెచ్చి, ఒకటి నాకు ఇచ్చాడు. ఏ సీసాలు ఇచ్చాడో తెలిసే సరికి సైకిలు చిట్టివలస దాటిపోయి ఉంటుంది. నాకు తెలియదని చెప్పాను. మిఠాయి తిన్నానని చెప్పలేదు.

వాడి అసలు నేరం అది కాదు. గోళీ సీసా. హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన 1870ల్లో తెచ్చిన పద్ధతి అది. తలకిందులుగా పట్టి నింపితే గోళీ జారి మూతిలోని రబ్బరు ఉంగరానికి ఆనుకుంటుంది, లోపలి గ్యాసు దాన్ని బిగించి పడుతుంది. మెడకు రెండు నొక్కులుంటాయి. వంచి తాగేటప్పుడు గోళీ అక్కడ ఆగుతుంది, లేకపోతే దొర్లివచ్చి మూతికి అడ్డం పడుతుంది. నాన్నగారికి దొరికిన గోళీ సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలు కూడా ఉన్నాయి. లోపల లేతాకుపచ్చ గోళీ. బడిలో గోళీలాటలో వరసగా ఓడిపోతున్న పిల్లవాడికి అది కంటపడితే ఏమవుతుంది? పెరట్లో బట్టలుతికే రాయి మీద ఒక్క దెబ్బ.

నాన్నగారు కొట్టలేదు. పెంకులన్నీ ఏరి, వాడి అరచేయి విప్పి చూసి, గీరుకున్న చోట అయోడిన్ రాశారు. వాడు కేక పెట్టాడు. శిక్ష అంతే.

* * *

1995లో మద్యనిషేధం వచ్చింది. తెల్లవారకముందే సంచిలో సీసాలు గలగలలాడించుకుంటూ సముద్రపుటొడ్డున నడిచే మనిషిని చూసి ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఒక కానిస్టేబులు ఆపి సంచి విప్పమన్నాడట. ఒకదానిలోంచి చిన్న పీత బయటికి వచ్చి ఆయన వేలు పట్టుకుంది. ఈ కథను నాన్నగారు ఎన్ని పెళ్లిళ్లలో చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ పీత కొంచెం పెరిగేది.

నగరం నుంచి ఒకాయన కారులో వచ్చి మొత్తం అలమరకు బేరం పెట్టిన సంగతి మాత్రం ఎక్కడా చెప్పేవారు కాదు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వచ్చినాయన చెప్పిన అంకె విని అమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్నగారు ఆయనను కారు దాకా సాగనంపి వచ్చి, "నాలుగో అరలోవి అన్నీ పాతవే అనుకున్నాడు, వాటిలో రెండు మొన్నటివి" అన్నారు తృప్తిగా. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ వైపు న్యాయం లేదని నేననను. అప్పుడు నా కాలేజీ ఫీజుకు అప్పు చేశారు.

* * *

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. నాలుగో రోజుకు భీమిలి చేరితే వీధి పోల్చుకోలేకపోయాను. చెట్లు లేవు. ఇంటి కిటికీ రెక్క ఊడి, అలమర ఒక పక్కకు ఒరిగి, మధ్య రెండు అరలు నేలమీద ఉన్నాయి. నాన్నగారు పెంకులను రంగుల వారీగా కుప్పలు పోసి కూర్చున్నారు. అప్పటికి రిటైరై చాలాకాలమైంది.

ఆ రాత్రి కరెంటు లేదు. ఆ వారమంతా లేదు. అమ్మ ఎక్కడి నుంచి తీసిందో నాలుగు సిరాబుడ్డి దీపాలు తీసి వెలిగించి, వీధిలో రెండిళ్లకు పంపించింది. గోడ మీద నీడలు ఊగుతుంటే నాన్నగారు ఉన్నట్టుండి, "పెద్ద అల ఇసుకను బాగా కోసి ఉంటుంది" అన్నారు.

"వెళ్లండి వెళ్లండి. టార్చిలైటు కావాలా?" అంది అమ్మ.

తెల్లారకముందే వెళ్లారు. నేను వెంట వెళ్లాను. ఒడ్డంతా విరిగిన కొమ్మలు, వలల ముక్కలు, ప్లాస్టిక్ సీసాలు. మొగ దాకా వెళ్లినా ఒక్క గాజు సీసా దొరకలేదు. నాన్నగారు ఒక ప్లాస్టిక్ సీసా తీసి, అలవాటుగా అతుకు గీత వెంట వేలు జరిపి, కింద పడేశారు.

* * *

అలమర అడుగున పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. ఉందని తెలుసు, ఎప్పుడూ చదవలేదు. ప్రతి పుటా నాలుగు గడులు: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎవరికి ఇచ్చాను, తిరిగి వచ్చిందా. మొదటి మూడూ నిండుగా ఉన్నాయి. "గోధుమరంగు, ఆరు పలకలు. లైటుహౌసు కింద. దగ్గు మందుకు ఒక తాతకు." "పచ్చది, మూతి చెక్కు లేచింది. సమాధుల వెనక ఒడ్డు. చెవి చుక్కల మందుకు, టీచరుగారికి." గోళీ సీసా దగ్గర మూడో గడిలో "చిన్నవాడికి" అని ఉంది. అప్పడాల కర్ర దగ్గర "వంటింటికి". నాలుగో గడి పుస్తకం పొడవునా దాదాపు ఖాళీ. నేను ఇన్నాళ్లూ అలమరలో ఉన్నవే నాన్నగారి సీసాలనుకున్నాను. లెక్క వేస్తే అలమరలో ఉన్నవి మూడో వంతు కూడా లేవు.

ఒక పుటలో చూపు ఆగింది. "నల్లది, నలుచదరం, బొడ్డుంది. మొగ దగ్గర. ఇచ్చినది ఇంటావిడ. మంచిపని."

నాకు ఆ రాత్రి తెలుసు. వాన. జాలరిపేట నుంచి ఒకావిడ రెండేళ్ల పిల్లవాడిని భుజాన వేసుకుని వచ్చింది. వాంతులు, విరేచనాలు. నాన్నగారు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు కాచి చల్లార్చారు. ఆవిడ దగ్గరున్నది కిరసనాయిలు సీసా. సంచిలో సీసాలన్నీ తొట్టిలో నానుతున్నాయి. నాన్నగారు అటూ ఇటూ చూస్తుంటే, అమ్మ నేరుగా అలమర దగ్గరికి వెళ్లి నడి అరలోంచి హాలండు జిన్ను సీసా తీసింది. పెట్టె గడుల్లోకి దిగడానికి వీలుగా భుజాల దగ్గర వెడల్పు, అడుగుకు వచ్చేసరికి సన్నం. చూపుకు నల్లరాయి. ఎండకు పెడితే చెరువు పాచి రంగు. నాన్నగారి దగ్గరున్న వాటిలో అన్నింటికంటే పాతది. అమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్లతో మూడుసార్లు తొలిచి, నీళ్లు నింపి ఆవిడ చేతికిచ్చింది. పట్టీ నేనే అంటించాను.

పుస్తకం దొరికిన మర్నాడు సాయంత్రం జాలరిపేటకు వెళ్లి అడిగాను. కాంపౌండరు బాబుగారి కూతురినని చెప్పగానే ఒకరి తర్వాత ఒకరు దారి చూపించారు. ఆవిడకు ఇప్పుడు చూపు సరిగా లేదు. నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కొడుకు విశాఖ హార్బరులో బోటు మీద పనికి వెళతాడట.

"పట్టీ మీద మెట్టు చూసి తాగించాలన్నారు మీ నాన్నగారు. చీకట్లో మెట్టు కనిపించలేదమ్మా. వేలితో తడిమి తాగించాను" అంది.

సీసా గూట్లో ఉంది. గుడ్డ చుట్టిన బిరడా, ఒంటినిండా జిడ్డు, సగానికి పైగా కొబ్బరినూనె. నా చూపు అక్కడే ఉందని ఆవిడకు ఎలా తెలిసిందో తెలియదు. లేచి తడుముకుంటూ వెళ్లి దాన్ని దించింది. "మీదే కదమ్మా. ఉండండి, నూనె గిన్నెలో వంచి ఇస్తాను" అంటూ స్టీలు గిన్నె కోసం వెతకసాగింది. వద్దు మామ్మా, ఉండనివ్వమన్నాను. ఆవిడ రెండోసారి కూడా అడిగింది. బొటనవేలితో అడుగున బొడ్డు ఒకసారి తడిమి చూసి, మళ్లీ గూట్లో పెట్టాను.

ఇంటికి వస్తుంటే తమ్ముడు ఫోను చేశాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"తెచ్చావా?"

"లేదురా. దాంట్లో నూనె ఉంది."